ఎడమచెయ్యి లోపలికి

పార్కులో నడకదారికి మళ్లీ రంగులు వేస్తున్నారు. నిన్న పొద్దున నేను వెళ్లేసరికి పెయింటర్ తెల్లరంగు డబ్బా మూత తీసి, గేటు పక్క మలుపులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, బాణం గుర్తులు ఎటు దిక్కు గియ్యమంటవు?"

"నన్నడుగుతావేమయ్యా? మున్సిపాలిటీ వాళ్లు చెప్పలేదా?"

"పాతయి ఎట్లుంటే గట్లనే గియ్యమన్నరు. కానీ పోయినసారి తప్పు గీసిన అని సారు శాన తిట్టిండు గద. ఇప్పుడు తిట్టెతందుకు సారు లేడు. అందుకే భయమైతుంది."

తిట్టే మనిషి లేడని భయపడేవాణ్ని మొదటిసారి చూశాను. నవ్వు వచ్చింది. "ఇవాళ బెంచీలకు వేసుకో, రేపు చెప్తాను" అని తప్పించుకుని నడక మొదలుపెట్టాను. ఎటు దిక్కుకు నడిచానో మాత్రం ఇప్పుడే చెప్పను.

ఆ సారు పేరు ఇక్కడ రాయను. ఊళ్లో చాలామందికి ఆ పేరు తెలియదు కూడా. హైస్కూల్లో ఆటలు నేర్పి రిటైరైన మనిషి కాబట్టి ఎదుట పీటీ సారు అనేవాళ్లం, చాటున ఎడమచెయ్యి సారు అనేవాళ్లం. సొంతూరు గోపాల్‌పేట దిక్కు ఒక మెట్ట పల్లె. నౌకరీకి గద్వాల వచ్చి ఇక్కడే ఆగిపోయారు. అంతకు మించి ఆయన గురించి నాకు తెలిసింది తక్కువ. పొద్దున్నే పార్కులో కలిసేవాళ్లం మోకాళ్ల నొప్పుల సంగతి, షుగర్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పుకుంటాం గానీ ఇంటి సంగతులు అడగం. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

మనిషి కందికట్టెలా సన్నగా, నిటారుగా ఉండేవారు. కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. అవి ఏనాటివో గానీ వారం వారం సుద్ద పట్టించి మెరిపించేవారు. ఆయన నిలబడి వెళ్లిన చోట ఎర్రమట్టి మీద కాస్త తెల్లపొడి రాలి ఉండేది. మెడలో తాడుకు ఒక ఇత్తడి ఈల. ఈల లోపల గింజ ఒకటి ఉంటుంది చూడండి, అది ఏ ఆటల పోటీల్లోనో ఊడి పడిపోయిందట. అందుకని ఆయన బుగ్గలు ఉబ్బించి, మెడ నరాలు తేలేదాకా ఊదినా కూతకు బదులు బుస్సుమని గాలి వచ్చేది. దగ్గర ఉన్నవాళ్లు పామనుకుని ఉలిక్కిపడేవారు, దూరంగా ఉన్నవాళ్లకు వినిపించేదే కాదు.

"కొత్తది కొనుక్కోండి సార్, బస్టాండు దగ్గర దొరుకుతాయి" అన్నాను ఒకసారి.

"ఈ ఈల మీద ఎంతమంది పిల్లలు ఉరికిన్రో తెలుసా టీచరమ్మా? దీన్ని పారెయ్యాల్నా?"

"పారేయొద్దు, ఇంట్లో దాచుకోండి."

"ఇంట్ల ఎవరు ఉరుకుతరు?" అన్నారు.

జేబులో ఎప్పుడూ నానబెట్టిన పల్లీలు ఉండేవి, రుమాల్లో మూటకట్టి. ఆ తడికి ప్యాంటు జేబు మీద ఎప్పుడూ ఒక మరక. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ గుప్పెడు పెట్టి "తీస్కో ప్లేయర్" అనేవారు. ఆయనకు లోకంలో అందరూ ప్లేయర్లే. కర్ర పట్టుకుని నడిచే ముసలాయన ప్లేయర్, డాక్టరు బెదిరిస్తే తప్ప గడప దాటని నేను ప్లేయర్. ముఖాలు, పేర్లు మరిచిపోయేవారు గానీ వెనక నుంచి అడుగుల చప్పుడు విని ఎవరు వస్తున్నారో చెప్పేవారు. ఆయన ముందు నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు నా నడక మీద తీర్పు చెప్పేశారు.

"నువ్వు నడుస్తలేవు టీచరమ్మా. పరీక్ష హాల్ల పిల్లలు కాపీ కొడుతున్నరా అని సూస్కుంట తిరుగుతున్నవ్."

ఒళ్లు మండింది. కానీ చూసుకుంటే నిజంగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తున్నాను. ఆ రోజు ముందుకు తెచ్చిన చేతులు మళ్లీ వెనక్కి పెట్టలేదు.

విచిత్రం ఏమిటంటే, అందరి నడకకూ మార్కులు వేసే మనిషి తాను మాత్రం ఒక్క చుట్టూ తిరిగేవారు కాదు. మంచినీళ్ల నల్లా పక్కన మలుపులో నిలబడి ఉండేవారు. మీరూ తిరగొచ్చు కదా అంటే "నేను తిరిగితే మిమ్మల్ని ఎవరు సూస్తరు?" అనేవారు.

ఇక ఆయన అసలు గొడవ చెప్పాలి.

మా పార్కులో పిల్లల ఉయ్యాలలు, వాలీబాల్ కోర్టు, కాళ్లూ చేతులూ ఊపే ఇనుప సామాను అన్నీ ఉన్నాయి. కానీ ఊరు వచ్చేది చుట్టూ తిరిగే ఎర్రమట్టి దారి కోసమే. దాని అంచున సిమెంటు గట్టు, నడుమ గడ్డి, గడ్డిలో ఒక వేపచెట్టు. పార్కు కట్టినప్పుడు ఆ చెట్టును కొట్టేయకుండా వదిలారు. తెరిచిన కొన్నాళ్లకే చెట్టు మొదట్లో ఒక రాయి వెలిసింది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మరికొన్నాళ్లకు ఆ రాయికి పసుపు, కుంకుమ వచ్చాయి. ఇంకేముంది, మా నడక కాస్తా ప్రదక్షిణం అయి కూర్చుంది. దేవుణ్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగాలని ఎవరూ చెప్పనక్కర్లేదు, అది చిన్నప్పటి నుంచీ కాళ్లకు తెలిసిన సంగతే. షుగరూ తగ్గుతుంది, పుణ్యమూ వస్తుంది.

సారు రూలు దీనికి నిలువునా ఎదురు. పరుగు పందెం ఎక్కడ పెట్టినా ఎడమచెయ్యి లోపలి వైపు ఉండేట్టుగా తిరగాలి. పోలీసు నౌకరీల పరుగు పరీక్షకు తయారయ్యేవాళ్లు మా పార్కులోనే ఉరికేవారు, వాళ్లు సారు చెప్పినట్టు ఎడమకు తిరిగేవారు. మేం కుడికి. ఒకే దారి మీద అటు నుంచి వాళ్లు, ఇటు నుంచి మేం. రోజూ పొద్దున మా పార్కులో నడకకంటే, పరుగుకంటే, ఒకరికొకరు తప్పుకోవడమే ఎక్కువ జరిగేది.

"ఎడమచెయ్యి లోపటికి! ప్లేయర్, ఎడమచెయ్యి లోపటికి!" అని మలుపులో నిలబడి అరిచేవారు. అరిచి అరిచి బుస్సుమని ఊదేవారు. ఎందుకు సార్ అని అడిగితే "రూలు" అనేవారు. ఆ రూలు ఎందుకు అంటే "రూలు గట్లనే ఉంటది" అనేవారు. అంతకు మించి విడమరిచి చెప్పడం ఆయనకు రాదు. ఉద్యోగమంతా పిల్లలను ఈలతో నడిపించారు. పెద్దవాళ్లను మాటతో ఒప్పించాలని తోచలేదు. ఉరికే పిల్లలకు అడ్డం వస్తున్నారు, జర వాళ్ల కోసమన్నా తిరగండి అని ఒక్క మాట మెత్తగా అని ఉంటే మాలో కొందరం వినేవాళ్లమేమో. ఆయన అలా అనలేదు, మేం వినలేదు.

ఒక పెళ్లిలో ఆయన నా పక్కన కూర్చున్నారు. కొత్తజంట హోమం చుట్టూ తిరుగుతుంటే నాకు చిలిపితనం పుట్టింది. "సార్, పెళ్లికొడుకు కుడికి తిరుగుతున్నాడు. ఊదరేం?" అన్నాను.

ఆయన జోకనుకోలేదు. కాసేపు ఆలోచించి, "వాళ్లు ఉరుకుతలేరు గద టీచరమ్మా" అన్నారు.

ఈ గొడవలో ఆయనకు సరిజోడు మా పక్కవీధి అవ్వ. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి తొక్కే గుంటమగ్గం మీద చీరలు నేసే ఇల్లు వాళ్లది. అవ్వ కోడలు పోలీసు నౌకరీకి తయారవుతూ పొద్దున్నే ఉరకడానికి వచ్చేది. కోడలు ఒక్కతే ప్యాంటు వేసుకుని పార్కుకు పోతే వీధిలో నలుగురూ నాలుగు మాటలు అంటారని అవ్వ తోడు వచ్చేది. కోడలి మీద నమ్మకం లేక మాత్రం కాదు. మగ్గం దగ్గర అటు అంచుకు అత్త, ఇటు అంచుకు కోడలు కూర్చుంటే గానీ వాళ్లింట్లో చీర సాగదు. ఆ పని ఆపి మరీ ఆమెను ఉరకనిచ్చిందంటే, ఆ నౌకరీ కోడలికంటే అత్తకే ఎక్కువ కావాలని చూసేవాళ్లకు తెలిసిపోయేది.

"నా మోకాళ్లు గుంటలనే పోయినయి టీచరమ్మా. నా కొడుకు నడుము గుంటలనే పోయింది. దీని కాళ్లన్న బయటికి రావాలె" అనేది.

కోడలికి వయసు హద్దు దగ్గర పడింది. ఈసారి తప్పితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి ఉండదు. ఆ సంగతి అవ్వకు తెలుసు, సారుకు తెలుసు, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ అవ్వే చెప్పేది కాబట్టి పార్కంతటికీ తెలుసు.

మొదటిరోజు అవ్వ కాసేపు బెంచీ మీద కూర్చుని, ఊరికే కూర్చోవడం చేతగాక, చెప్పులు విడిచి దారి మీదికి వచ్చింది. వేపచెట్టుకు దండం పెట్టి కుడికి నడవడం మొదలుపెట్టింది. సారు ఊరుకుంటారా? వెళ్లి అడ్డంగా నిలబడ్డారు.

"ప్లేయర్ అవ్వా, ఎడమచెయ్యి లోపటికి."

"ఏంది సారూ?"

"ఎనుకకు తిరుగు. గిట్ల కుడికి గాదు, గట్ల ఎడమకు తిరగాలె."

అవ్వ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఎడమకు ఎప్పుడు తిరుగుతరో తెల్వదా నీకు? కాష్టం సుట్టు తిరుగుతరు. పానముండంగనే నన్ను శవం సుట్టు తిరిగినట్టు తిరగమంటవా?"

పార్కంతా నవ్వింది, నేనూ నవ్వాను. సారు నవ్వలేదు. ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా బుస్సుమన్నారు. "పామొచ్చింది జరుగున్రి" అంటూ అవ్వ ఆయన్ని తప్పించుకుని కుడికే సాగిపోయింది. ఆ రోజు నుంచి అది వాళ్లిద్దరికీ రోజువారీ ఆట అయింది. ఆయన ఊదేవారు, ఆమె వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి పో పొమ్మని ఊపేది. ఆ ఒక్క ముచ్చట చూడటానికే ఒక చుట్టు ఎక్కువ తిరిగిన రోజులు ఉన్నాయి నాకు.

కోడలి దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. అరుపులు లేవు, ఈల లేదు. ఆమె పక్కన వంగి నిలబడి మెల్లగా చెప్పేవారు.

"కాళ్లకేం ఢోకా లేదు ప్లేయర్. మగ్గం తొక్కిన కాళ్లు గవి. చేతులే సూస్కో. నాడె ఇసిరినట్టు అడ్డం ఊపుతున్నవ్. పానమంత పక్కలకే పోతున్నది. నిలువు ఊపు, ముందటికి పోతవ్."

నేతలో దారం కండె ఉండే నాడెను అటూ ఇటూ విసిరే అలవాటు పరుగులోకి వచ్చిందని మాకెవరికీ తట్టలేదు. అప్పటి నుంచి ఆమె ఉరుకుతుంటే నేనూ చేతులే చూసేదాన్ని. వారం వారం ఆ చేతులు నిలువుకు వచ్చాయి. ఆమె మలుపు తిరిగి వస్తుంటే ఆయన పల్లీలు నమలడం ఆపేసేవారు.

"ఆమెనూ మాతోపాటు కుడికే ఉరకనివ్వండి సార్, ఎదురెదురు పడే బాధ తప్పుతుంది" అన్నాను ఒకనాడు.

"పరీక్షల ఎడమకే ఉరకాలె టీచరమ్మా. ఇక్కడ కుడికి అలవాటు పడితే అక్కడ మలుపుల కాడ తడబడ్తది. నా చేతులార ఓడగొట్టాల్నా?"

"ఈ మాటే అవ్వతో చెప్పండి మరి."

"చెప్తే ఇంటదా ఆమె?" అని తల పక్కకు తిప్పుకున్నారు.

మాటలతో కాదని, మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి (అక్కడ ఏ దిక్కుకు తిరిగారో తెలియదు) గట్టు మీద బాణం గుర్తులు వేయడానికి ఒప్పించారు. పెయింటర్ వస్తే దగ్గరుండి చూపించారు. మొదటి బాణం గీయించి, ఊళ్లో తమ్ముడి చేనులో పల్లీ పీకుతున్నారని గోపాల్‌పేట బస్సెక్కారు. తిరిగి వచ్చేసరికి బాణాలన్నీ కుడికి చూస్తున్నాయి. ఆయన దగ్గరుండి గీయించినదాన్ని కూడా పెయింటర్ చెరిపి మళ్లీ గీశాడు.

"ఏందిరా ఇది? నేనేం జెప్పిన, నువ్వేం గీసినవ్?"

పెయింటర్ గుళ్లకు, గోపురాలకు రంగులు వేసే మనిషి. చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "నువ్వు ఎడమకే చెప్పినవ్ సారూ. కానీ వేపచెట్టు కింద రాయిని సూడంగనే నా చెయ్యి ఆగింది. సారు ఊరికి పోయే తొందరల ఎడమ కుడి తారుమారు చెప్పిండేమో, రేపు ఎవరన్న సూస్తే సారునే తప్పువడ్తరు అని నేనే సరిజేసిన."

సారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టడం అయ్యాక సిమెంటు గట్టు మీద కూలబడి, రుమాలు విప్పి, పెయింటర్‌కు పల్లీలు పెట్టారు. వాడిది చెడ్డబుద్ధి కాదని ఆయనకూ తెలుసు. ఆ మర్నాడు అవ్వ ఒక్కో బాణాన్నీ కాలి బొటనవేలితో తట్టుకుంటూ నడిచింది.

"మున్సిపాలిటోళ్లు గూడ నా దిక్కే ఉన్నరు సారూ" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకోబుద్ధి కాదు.

పరుగు పరీక్ష ఇంకో వారం ఉందనగా ఒక తెల్లవారుజామున అవ్వ తలస్నానం చేసి, తడి వెంట్రుకలతో వచ్చింది. కోడలికి నౌకరీ వస్తే వేపచెట్టు తల్లికి చీర పెడతానని మొక్కుకుందట. ఆ రోజు ఆమె నడిచింది నడక కాదు. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ కుడికి తిరుగుతోంది. మబ్బు పట్టి ఉండటంతో వెలుతురు ఇంకా సరిగా రాలేదు. నల్లా ఎదుటి మలుపులో గన్నేరు చెట్లు గుబురుగా పెరిగి ఉంటాయి. అటు నుంచి వచ్చేవాళ్లు ఇటువాళ్లకు కనపడరు. కోడలు ఆఖరి చుట్టు, పానమంతా పెట్టి ఉరికే చుట్టు, ఎడమకు తిరిగి వస్తోంది.

ఇద్దరూ కనిపిస్తున్నది ఒక్క సారుకే. ఆయన ఊదారు. బుస్సుమంది. మళ్లీ ఊదారు. నేను అవ్వకు కాస్త వెనకగా ఉన్నాను, నాకు వినిపించింది. అవ్వకూ వినిపించే ఉంటుంది, ఎందుకంటే కళ్లు తెరవకుండానే జోడించిన చేతుల్లోంచి ఒక చెయ్యి తీసి, రోజూ ఊపినట్టే పో పొమ్మని ఊపింది.

"అవ్వా! జరుగు!" అని సారు అరిచేసరికి కోడలు మలుపు తిరిగేసింది.

అత్త చేతికందేంత దూరంలో ఉంది. ఆమెను గుద్దకుండా ఉండటానికి కోడలు ఒళ్లంతా పక్కకు విసిరేసింది. పాదం సిమెంటు గట్టు అంచు మీద పడి మడత పడింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. అవ్వ అప్పుడు కళ్లు తెరిచింది. "ఎవరు పడ్డరు? ఎవరు బిడ్డా పడ్డది?" అని అటూ ఇటూ చూసింది.

సారు ఉరకడం నేను చూసింది ఆ ఒక్కసారే. మోకాళ్ల మీద కూలబడి ఆమె బూటు లేసు మెల్లగా విప్పారు. "లేస్త సారూ, ఏం కాలే, లేస్త" అంటోంది ఆమె. "లేవకు ప్లేయర్" అన్నారు. అంత మెత్తని గొంతు ఆయనకు ఉందని తెలియదు నాకు.

దవాఖానలో ఎముక విరిగిందన్నారు, కట్టు వేశారు. పరీక్ష రోజు ఆమె ఇంట్లో మంచం మీద కాలు ఎత్తి పెట్టుకుని పడుకుని ఉంది. చూడటానికి వెళ్లాను. మగ్గం ఖాళీగా ఉంది, సగం నేసిన చీర మీద పాత గుడ్డ కప్పి ఉంది. అవ్వ గుంట అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"దాని కోసమే తిరిగిన టీచరమ్మా" అంది. "దాని కోసమే."

 తప్పు ఎవరిదని చెప్పను? అందరం మంచే కోరాం. అలా కోరి కోరే ఆ పిల్ల కాలు విరగ్గొట్టాం.

ఆమె పడిన మర్నాడు పొద్దున పార్కుకు వెళితే నల్లా దగ్గర సారు లేరు. దారి మీద ఉన్నారు. నడుస్తున్నారు, అందరితో కలిసి, కుడికి. మెడలో ఈల లేదు. మావాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. "ఇన్నాళ్లకు సారు దారికొచ్చిండు" అని ఎవరో పైకే అన్నారు. ఆయన విని, ఔనన్నట్టు తల ఊపి ముందుకు పోయారు. నేను అడుగు పెంచి ఆయన్ని అందుకున్నాను.

"ఏంటి సార్ ఇది?"

"అందరు ఒక దిక్కు తిరిగితే సాలుండె టీచరమ్మా. ఏ దిక్కైతేంది? గా పిల్లను మీ ఎంబడే కుడికి ఉరికించి, ఎడమకు అలవాటు చేసెతందుకు పరీక్ష ముందల ఏ కాలేజీ గ్రౌండుకో తోల్కపోతే అయిపోయేది. ఎన్నడు తోచలే. రూలు, రూలు అనుకుంట నిలబడ్డ."

"మేం తిరిగినా సరిపోయేది కదా సార్."

"మీరెట్ల తిరుగుతరు? మీకు దేవుడున్నడు" అన్నారు. అందులో వెటకారం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కొన్నాళ్లకు అవ్వ మళ్లీ వచ్చింది, ఒక్కతే. కోడలు కట్టు విప్పాక మళ్లీ మగ్గం గుంటలో దిగింది. చెక్కలు తొక్కుతుంది గానీ ఉరకలేదు. తర్వాత నోటిఫికేషన్ వచ్చేలోపు వయసు దాటిపోయింది. అవ్వ చెట్టుకు దండం పెట్టడం మానేసింది, తలవంచుకుని ఊరికే నడిచేది. సారు ఆమెకు ఒక అడుగు వెనక నడిచేవారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ముందు ఆమె, వెనక ఆయన, కుడికి. వాళ్లను దాటి పోవడానికి నాకు మనసొప్పేది కాదు, వెనకే ఉండిపోయేదాన్ని. అందువల్ల ఈ మాటలు విన్నాను.

"ఊదు సారూ" అంది అవ్వ ఒకనాడు, వెనక్కి తిరగకుండానే. "జర ఒక్కసారి ఊదు."

"ఈల ఇంట్ల పెట్టిన అవ్వా."

ఇంట్లో ఎవరు ఉరుకుతారని ఆయన నన్ను అడిగిన మాట గుర్తొచ్చింది.  ఇద్దరూ ఆ చుట్టు పూర్తి చేసి ఎవరిదారిన వాళ్లు వెళ్లారు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆయన రాలేదు. మేం నల్లా దగ్గర నిలబడి ఉండగానే కబురు వచ్చింది, నిద్రలోనే పోయారని.

ఇదంతా తలపోసుకుని ఇవాళ పెయింటర్‌కు ఏం చెప్పాలో నిశ్చయించుకున్నాను. ఎడమకే గీయమంటాను. నాకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు, రేపు గొడవ కూడా అవుతుంది. నిన్న నేను నడిచింది కూడా కుడికే. ఆయన్ని సాగనంపి వచ్చాక మావాళ్లకు ఎడమ దిక్కు అంటే ఇంకా భయం పట్టుకుంది. అయినా చెబుతాను. ఎందుకంటే మేమంతా ఆ దిక్కుకు ఒకసారి తిరిగాం. తిరగడం మాకు వచ్చు.

ఆయన్ని సాగనంపిన రోజు ఊరి బయట వైకుంఠధామంలో తమ్ముడి కొడుకు తలకొరివి పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలు కొద్దిమందే, పార్కువాళ్లమే ఎక్కువ. నిప్పు పెట్టేముందు తలా ఒక కట్టెపుల్ల వేసి చుట్టు తిరిగి రావాలన్నారు. అందరం వరుస కట్టాం. పెయింటర్ కూడా ఉన్నాడు. ముందున్నవాళ్లు అలవాటుకొద్దీ కుడికి తిరిగారు, వెనక మేమూ కదిలాం.

"అటు గాదు, అటు గాదు!" అని కాటికాపరి కేకేశాడు. "ఎడమకు తిరుగున్రి."

వరుస మొత్తం ఆగిపోయింది. ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరం వెనక్కి తిరిగాం.

అవ్వ నా ముందు ఉంది, కోడలి భుజం పట్టుకుని, చేతిలో పుల్లతో. కదల్లేదు.

"ఎడమచెయ్యి లోపటికేనా బిడ్డా?" అని అడిగింది.

"లోపటికే అత్తమ్మా" అంది కోడలు.

అందరం ఒకే దిక్కుకు తిరిగాం. ఎవరికీ ఎవరూ ఎదురు రాలేదు.